పైయింటక్క వార్డులో ఆరుగురు

మా పైయింటక్క పోయిన మంగళవారం పొద్దున కన్నుమూసింది. డెబ్భై ఆరేళ్ళు. నిద్రలోనే పోయింది. ఫోన్ చేసి ఈ కబురు చెప్పింది వాళ్ళమ్మాయి. ఇక్కడే, అమెరికాలో పుట్టి పెరిగిన పిల్ల. ఇప్పుడు తనకే ఇద్దరు పిల్లలున్నారు, అయినా నాకు పిల్లే. ఏడుస్తూనే ఫ్యునరల్ ఎప్పుడో, ఏ చర్చిలోనో చెప్పింది. అంతా అయ్యాక కాస్త ఆగి, గొంతు తగ్గించి అడిగింది.

“అంకుల్, ఇంకో థింగ్. అమ్మ క్లోసెట్‌లో ఒక బాక్స్ దొరికింది. అన్నీ పేషెంట్ చార్ట్స్. హాస్పిటల్ పేపర్స్ ఇంట్లో పెట్టుకోకూడదు కదా? ప్రైవసీ ప్రాబ్లం అవుతుందేమో అని భయంగా ఉంది.”

“పేషెంట్ల పేర్లేమున్నాయమ్మా?”

“మేనత్త అని ఒకరు. పాస్టర్‌గారు అని ఒకరు. ఇంకా… తమ్ముడు అని ఒకతను. అంకుల్, ఈ తమ్ముడు నైన్ టైమ్స్ డై అయ్యాడు! ప్రతిసారీ టైం వేసి అమ్మ సైన్ చేసింది. అలా ఎలా అవుతుంది?”

చావు కబురు విన్న మనిషి నవ్వకూడదు. ఆమాత్రం నాకూ తెలుసు. కానీ నవ్వాను. కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సినంత నవ్వాను. అవతల ఆ పిల్ల “ఆర్ యూ ఓకే అంకుల్?” అని రెండుసార్లు అడిగింది.

“ఆ తొమ్మిదిసార్లు పోయినవాణ్ణి నేనేనమ్మా,” అన్నాను.

ఎలా పోయానో ఆ పిల్లకి ఫోన్లో సగమే చెప్పగలిగాను. మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ఎనభైల మొదటి సంవత్సరాలు. పార్సిప్పనీ అనే ఊళ్ళో మూడంతస్తుల ఇటుక అపార్ట్‌మెంటు. కింద ఇంట్లో నేను, నా పైన అక్కా బావగారూ. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. పదో తరగతి రెండుసార్లు తప్పినవాణ్ణి అమెరికా ఎలా వచ్చానన్నది వేరే కథ, మొదలుపెడితే అక్క సంగతి వెనకబడిపోతుంది. టీవీలు బాగుచేసే షాపులో పని. అది కూడా ఎవరూ నేర్పలేదు. చెత్తకుండీల పక్కన జనం వదిలేసిన సెట్లు ఇంటికి మోసుకొచ్చి, విప్పి, షాకులు తిని నేర్చుకున్నాను. షాకు కొట్టినచోట మళ్ళీ వేలు పెట్టం కదా, అదే నా సిలబస్.

బావగారు టెలిఫోన్ కంపెనీలో ఇంజనీరు, రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆయన తోటి ఉద్యోగి దగ్గర పాత కంప్యూటర్ ఒకటి తీసుకున్నారు. దానితోపాటు ఒక అట్టపెట్టెనిండా డిస్కులు వచ్చాయి. ఆయన ఉద్దేశం దాని మీద లెక్కల పట్టికలు వెయ్యడం నేర్చుకోవాలని. ఒక ఆదివారం చర్చినుంచి వచ్చాక అక్క ఊరికే ఒక డిస్కు తీసి దూర్చింది. తెర మీద బొమ్మ గిర్రున తిరిగిపోతుంటే కిందికి దిగి వచ్చి నా తలుపు కొట్టింది.

“తమ్ముడూ, టీవీలు బాగుచేసేది నువ్వేనంట కదా. మా ఇంట్లో రాక్షసుడు కిందనించి పైకి పారిపోతున్నాడు. వచ్చి వాణ్ణి కాస్త నిలబెట్టు.”

వెళ్ళి వెనక బిరడా తిప్పాను. రాక్షసుడు నిలబడ్డాడు. నల్లటి తెర మీద తెల్లటి గీతలు. గీతలు కలిస్తే గోడ, విడిపోతే దారి. అంతే సొరంగం. రాక్షసుడు బొమ్మ ఒక్కటి కదలకుండా నిలబడి ఉంటుంది, యుద్ధమంతా కింద అక్షరాల్లో జరుగుతుంది. ఇప్పటి పిల్లలకి చూపిస్తే ఇంకా లోడ్ అవుతోందనుకుని కూర్చుంటారు. నేను మాత్రం తెరకి ముక్కు ఆనేంత వంగాను. ఆ గీతల మలుపు అవతల ఏముందో ఎవరికీ తెలీదు! అక్క కుర్చీ జరిపి నాకు చోటిచ్చింది. ఆ జరిగిన కుర్చీ మళ్ళీ వెనక్కి పోలేదు.

ఆట తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఆరుగురు మనుషుల్ని మనమే తయారుచేసి, పేర్లు పెట్టి, కత్తులిచ్చి సొరంగంలోకి పంపాలి. పది అంతస్తుల సొరంగం. అట్టడుగున ఒక మాంత్రికుడు. వాణ్ణి కొడితే ఆట పూర్తి. ఎవరైనా పోతే శవాన్ని పైకి మోసుకొచ్చి ఊళ్ళో గుడిలో ఇస్తే ఒక్కోసారి లేపుతారు, ఒక్కోసారి బూడిద చేతికిస్తారు. ఊళ్ళోకి తిరిగొస్తేనే ఆట డిస్కు మీద రాసుకుంటుంది. సొరంగంలో ఉండగా స్విచ్ తీశామా, ఆరుగురూ గల్లంతే.

అక్క ఆ ఆరుగురికీ తనవాళ్ళ పేర్లే పెట్టింది. అందరికంటే ముందు నిలబడే వీరుడు మేనత్త. “మా మేనత్త ముందు నిలబడి బతికి బట్టకట్టినవాడు గుంటూరు జిల్లాలో లేడు,” అంది. పక్కన పెద్దనాన్న. ప్రార్థనతో గాయాలు మాన్పేవాడు పాస్టరుగారు. మంత్రాలకి లెక్కల మాస్టారు. పెట్టెల తాళాలు తీసే దొంగ పేరు మరిది. ఆ పేరు చూసి బావగారు ఆ రోజు కోటాలో మూడు మాటలు ఖర్చుపెట్టారు.

“మా తమ్ముడు దొంగా?”

“దొంగకే పనండీ ఇక్కడ. మిగతావాళ్ళు చేతులు కట్టుకు నిలబడతారు. మీ తమ్ముడికి ఇన్నాళ్ళకి ఉద్యోగం దొరికిందని సంతోషించండి.”

ఆరోవాణ్ణి నేను. “తమ్ముడు”. వెనక వరసలో నిలబడి, అడిగినప్పుడు దెబ్బ తిని, అడగనప్పుడు కూడా తిని పడిపోయేవాణ్ణి.

అక్క గుంటూరులో ఎనిమిదేళ్ళు పెద్ద ఆస్పత్రిలో నర్సు. తన వార్డులో డాక్టర్లే అడుగు నెమ్మదిగా వేసేవాళ్ళట. అమెరికాలో ఆ ఎనిమిదేళ్ళూ చెల్లవు. స్టేట్ బోర్డు పరీక్ష పాసయ్యేదాకా నర్సు కాదు, సహాయకురాలు. పక్కలు మార్చడం, మంచం మీద ఉన్నవాళ్ళకి ఒళ్ళు తుడవడం, చెప్పిన పని చెయ్యడం. ఇంజక్షన్ ముట్టుకోకూడదు. సూది పట్టడం రాని కొత్తపిల్లలు తడబడుతుంటే చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ నిలబడాలి. “చేతులు దురదపెడతాయి తమ్ముడూ,” అనేది.

పరీక్ష రెండుసార్లు తప్పింది. మందులూ జబ్బులూ కాదు ఆమెని తప్పించినవి. ఒక భాగంలో ప్రశ్న ఇలా ఉంటుందట: పేషెంటు ఏడుస్తోంది, మీరేమంటారు? నాలుగు జవాబులు. అక్క ప్రతిసారీ “ఏం కాదమ్మా, అంతా బాగవుతుంది” అన్నదానికే గుర్తు పెట్టేది. మన దగ్గర అదే కదా మందు! ఇక్కడ అది తప్పు. “మీకు బాధగా ఉన్నట్టుంది” అనాలట. “ఏడ్చేదాన్ని పట్టుకుని బాధగా ఉందా అని అడుగుతారా ఎవరైనా? మా ఊళ్ళో అడిగితే చెంబు పెట్టి కొడతారు,” అని నాతో వాదించేది, అక్కడికి ప్రశ్నపత్రం నేనే తయారుచేసినట్టు.

పనిలో తాకనివ్వనిదంతా ఆటలో చేసింది. ఆస్పత్రిలో పారేసిన టెంపరేచర్ చార్టులు తెచ్చి, వెనకవైపు సొరంగం మ్యాపులు గీసేది. ముందువైపు ఆరుగురికీ ఆరు చార్టులు. ఎవరికెంత ప్రాణం మిగిలింది, ఎవరికి విషమెక్కింది, పాస్టరుగారు ఎన్ని ప్రార్థనలు వాడారు, ప్రతి యుద్ధం తర్వాతా రాసి సంతకం పెట్టేది. నేను తొందరపడి తలుపు తన్నబోతే చేతిమీద పెన్సిల్‌తో కొట్టేది. “ముందు నాడి చూడు, తరవాత తలుపు చూడు.” గుడిలోకి వెళ్ళేముందు టేబుల్ కింద తన స్లిప్పర్లు విడిచేది. ఆ గుడిలో ఏ దేవుడున్నాడో ఆటలో ఎక్కడా చెప్పలేదు. “ఎవరైతే ఏంది, చెప్పులతో పోతామా?” అనేది. వాళ్ళూరి చర్చిలోనూ మెట్ల దగ్గరే విడుస్తారట.

డిస్కుకి నకలు తీసి పెట్టుకుందామని నేనొకసారి అన్నాను. ఎవరైనా పోతే నకలుతో మళ్ళీ లేపుకోవచ్చు కదా అని. అక్క ససేమిరా అంది. “అది పునరుత్థానం కాదు, దొంగ సర్టిఫికెట్.”

ఇక నేను. నా ఇంగ్లీషుకి ఆ ఆటే బడి. తెర మీద వచ్చిన ప్రతి మాటా అక్క అర్థం చెప్పేది, నేను మర్నాడు షాపులో వాడేసేవాణ్ణి. బొమ్మ రాని టీవీ తెచ్చిన ఒక ముసలాయనతో “సార్, యువర్ టీవీ ఈజ్ పారలైజ్డ్” అన్నాను. ఆయన టోపీ తీసి, “కోలుకుంటుందా?” అని అడిగాడు. పాస్టరుగారు మా షాపులో లేరని చెప్పబోయి ఆగాను.

ఎనిమిది నెలలు గడిచాయి. తొమ్మిదో అంతస్తు చేరాం. మూడోసారి పరీక్షకి ఫారం వచ్చింది. అక్క దాన్ని నింపి, ఫొటో అంటించి, కవరులో పెట్టి, ఫ్రిజ్ మీద నిలబెట్టింది. పోస్టు చెయ్యలేదు.

“ప్రార్థన చేసుకుని తీర్మానం చేసుకున్నా తమ్ముడూ. మాంత్రికుడు పడ్డ రోజే ఈ కవరు డబ్బాలో పడుతుంది. పడకపోతే పంపను. ఇక జన్మలో ఆ పరీక్ష పేరెత్తను.”

“ఆటకీ పరీక్షకీ ఏం సంబంధమక్కా?”

“రెండింట్లోనూ చచ్చేది నేనేగా.”

కవరు మీద పోస్టు ముద్ర పడటానికి ఆఖరి తేదీ ఒక శనివారం. ఆ రోజు పోస్టాఫీసు మధ్యాహ్నం పన్నెండుకి మూసేస్తారు. దానికి తొమ్మిది రోజుల ముందు, గురువారం, డిస్కు డ్రైవు కీచుమంటోందని అక్క డ్రైవూ డిస్కూ రెండూ నా చేతికిచ్చి, షాపులో చూడమంది.

రంగుల టీవీల్లో ఒక మూల ఊదారంగు మచ్చ పడుతుంది, అయస్కాంతం తగిలితే. దానికి మందు ఒక పెద్ద తీగచుట్ట. కరెంటు పెట్టి తెర ముందు గుండ్రంగా తిప్పుతూ వెనక్కి జరిగితే మచ్చ పోతుంది. మంచి పని, చూడముచ్చటైన పని, నాకెంతో ఇష్టమైన పని. ఆ పొద్దున ఒకావిడ సెట్టు మీద దాన్ని దర్జాగా తిప్పుతూ, ఈలవేస్తూ, వెనక్కి వెనక్కి జరిగి నా బల్లకి ఆనుకున్నాను. బల్ల మీద అక్క డిస్కు ఉంది. డిస్కు మీద రాసి ఉండేది కూడా అయస్కాంతంతోనేనని, ఆ చుట్ట దాన్నీ తుడిచేస్తుందని నాకు తెలియక కాదు. ఈల మీద ధ్యాసలో ఉన్నాను.

మధ్యాహ్నం పన్నెండింటికి మెట్లెక్కాను. అక్క యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది. తన డ్యూటీ రోజూ మూడింటికి.

“అక్కా, డిస్కు పోయింది.”

“యాడికి పోతుంది? సరిగ్గా వెతుకు.”

“డిస్కు ఉంది. అందులోవాళ్ళు పోయారు.”

ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. “ఎంతమంది?”

“ఆరుగురూ.”

నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. గోడగడియారం చూసి, చార్టులు తెచ్చి, ఒక్కొక్కదాని మీదా “12:10” అని వేసి సంతకం పెట్టింది. ఆరో చార్టు మీద పెన్ను కాసేపు ఆగింది. తర్వాత ఫ్రిజ్ మీద కవరు తీసి సొరుగులో పడేసింది.

“పోన్లే. నాకు రాసిపెట్టి లేదు. చెప్పిన పని చేసుకుంటా ఉంటే సరిపోతుంది.”

“ఫారం పంపెయ్యక్కా. తప్పు నాది, పరీక్ష నీది.”

“తీర్మానం కూడా నాదేనయ్యా.”

మర్నాడు ఆరున్నరకి ఎవరో తలుపు కొడుతున్నారు. తీస్తే బావగారు, టై కట్టుకుని ఉన్నారు. “పైకి రా,” అన్నారు. వెళ్ళాను. ఆయన చార్టుల కట్ట తీసి అక్క ముందు పెట్టారు. పది అంతస్తుల్లో తొమ్మిదింటి మ్యాపులూ ఆ కట్టలో చెక్కుచెదరకుండా ఉన్నాయి.

“పని ఎక్కువై, ఒక్కరివల్ల కానప్పుడు, మీ ఆస్పత్రిలో ఏం చేస్తారు?”

“షిఫ్టులు వేస్తారు.”

“వెయ్యి మరి.”

నా ఎరికలో బావగారు ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడింది అదే మొదలు. అక్క ఆయన్ని చూసింది, నన్ను చూసింది, పెన్సిల్ చెక్కింది.

ఆ ఎనిమిది రోజులు! అసలు ఆట ఉన్న డిస్కు వేరే, అది ఇంట్లోనే క్షేమంగా ఉంది కాబట్టి, కొత్త డిస్కు మీద ఆరుగురినీ మళ్ళీ పుట్టించాం. పొద్దుటి షిఫ్టు అక్కది. షాపు యజమానిని బతిమాలి, ముందే తెరిచి ముందే దిగిపోయే ఏర్పాటు చేసుకున్నాను కాబట్టి రెండున్నరనుంచి ఆరున్నరదాకా నాది. ఆ తర్వాత బావగారు. ఎక్కడ ఉచ్చులున్నాయో, ఏ పెట్టెలో ఏముందో మాకు ముందే తెలుసు. ఎనిమిది నెలలు పట్టిన దారి ఇప్పుడు పరుగు మీద దిగుతున్నాం. షిఫ్టు మారేటప్పుడు అక్క కోటు తొడుక్కుంటూ, కారు తాళాలు నోట్లో పెట్టుకుని రిపోర్టు ఇచ్చేది.

“మేనత్తకి ముప్పై ఎనిమిది, బాగుంది. పెద్దనాన్నకి విషం, నాలుగో అంతస్తుకి పోకముందే దించు. పాస్టరుగారికి రెండే ప్రార్థనలు మిగిలినయ్యి, వృథా చెయ్యమాక. తమ్ముణ్ణి వెనక నిలబెట్టు.”

“వెనకే ఉన్నాడక్కా.”

“ఇంకా వెనక.”

అన్నిటికంటే వింత బావగారు. యుద్ధం వస్తే లేచి నిలబడి ఆడేవారు. ఒకరోజు నేను కింద కూరగాయలు తరుగుతుంటే పైనుంచి అరుపు వినపడింది. ఏమైందోనని పరిగెత్తి వెళ్ళాను. ఆయన టై భుజం మీదికి వేసుకుని, చెమట్లు కక్కుతూ, “మా తమ్ముడు! మా తమ్ముడొక్కడే కొట్టాడు ముగ్గుర్ని!” అని నన్ను పట్టుకుని ఊపేశారు. మర్నాడు ఆయన రాసిన రిపోర్టులో మరిది పేరు కింద రెండు గీతలున్నాయి.

శనివారం పొద్దున ముగ్గురం కూర్చున్నాం. కవరు టేబుల్ మీద, చార్టుల పక్కన. తొమ్మిదో అంతస్తు దాటాం. పదోది కొత్త, మ్యాపు లేదు. అక్క గీస్తోంది, నేను కీలు నొక్కుతున్నాను, బావగారు తెర చూసి మలుపులు చెబుతున్నారు. పదకొండున్నర అయ్యేసరికి ఎదురుగా తలుపు. దాని మీద మాంత్రికుడి పేరు.

“కొట్టు!” అన్నారు బావగారు.

“ఆగు,” అంది అక్క. చార్టులు ఒక్కొక్కటీ చూసింది. మేనత్తకి సగం ప్రాణం. పాస్టరుగారికి ఒక్క ప్రార్థన కూడా లేదు. లెక్కల మాస్టారు మంత్రాలన్నీ అయిపోయి ఉత్త చేతులతో ఉన్నారు. లోపలికి వెళితే ఆరుగురూ పోతారు. వెనక్కి ఊళ్ళోకి తీసుకెళ్ళి కోలుకోనిస్తే మళ్ళీ ఇక్కడికి రావడానికి గంటకి పైనే పడుతుంది. పోస్టాఫీసు మూసెయ్యడానికి ఇంకా ముప్పై నిమిషాలే ఉంది. అందులో పది కారుకి.

తెర మీద చిన్న తెల్లటి చుక్క మిణుకుమిణుకుమంటూ మా జవాబు కోసం చూస్తోంది.

“ఈ స్థితిలో వీళ్ళని ఏ సిస్టరూ ఆపరేషన్‌కి పంపదు,” అంది అక్క నెమ్మదిగా. లేచి నిలబడింది. “కారు తియ్యండి.”

“ఎక్కడికి?”

“పోస్టాఫీసుకి.”

నేను నోరు మూసుకోవాల్సింది. మూసుకోలేదు. “మరి తీర్మానం?”

“పేషెంటు పరిస్థితి మారితే ఆర్డరు మారుస్తారు. మార్చేది ఎవరు? వార్డులో ఉన్న నర్సు.” అప్పటికే కోటు ఒక చేతికి ఎక్కింది. “నువ్విక్కడ కూర్చో తమ్ముడూ. నేనొచ్చేదాకా ఏ కీ ముట్టుకోవద్దు. దగ్గొచ్చినా పక్కకి తిరిగి దగ్గు.”

మిగతా సంగతులు తొందరగా చెప్పేస్తాను. తిరిగొచ్చాక అక్క రెండు గంటలు కష్టపడి ఆరుగురినీ ప్రాణాలతో ఊళ్ళోకి చేర్చింది. పరీక్ష పాసయింది. ఏడ్చే పేషెంటుతో “మీకు బాధగా ఉన్నట్టుంది” అని కాగితం మీద రాసి, ఆ తర్వాత ఉద్యోగం చేసిన ముప్పై ఏళ్ళూ వార్డులో మాత్రం “ఏం కాదమ్మా, అంతా బాగవుతుంది” అనే అంది. ఆమె చేతుల్లో కోలుకున్నవాళ్ళెవరూ ఫిర్యాదు చెయ్యలేదు. మాంత్రికుణ్ణి ఆ వసంతంలో ఒక ఆదివారం మధ్యాహ్నం పడగొట్టాం. ఆఖరి దెబ్బ మేనత్తది. బావగారు వంకాయ కూర తింటున్న చేత్తోనే చప్పట్లు కొట్టారు.

కానీ ఆమె పోయిందన్న దగ్గర్నుంచి నాకు కళ్ళు మూస్తే కనపడుతున్నది ఆ విజయం కాదు. ఆ శనివారం నేనొక్కణ్ణే ఆ కుర్చీలో, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి కూడా పక్కకి వదులుతూ కూర్చున్న ముప్పావు గంట. కారు చప్పుడైతే కిటికీలోంచి చూశాను. పార్కింగులో మంచు మీద ఎండ పడుతోంది. బావగారు ఇంకా కారు తాళం వేస్తున్నారు. ఆయన కోసం ఆగకుండా అక్క ముందు వచ్చేస్తోంది, కోటు బొత్తాలు పెట్టుకోకుండా, ఖాళీ చేతులు రెండూ బడిలో కవాతు చేసే పిల్లలా ఎత్తి ఎత్తి ఊపుకుంటూ.